భయం ఎటూ పోదు, పక్కవాడు కనిపించడం మొదలవుతుంది

(బడి నాటక బృందంలో ఈ ఏడాది చేరుతున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. అంత దూరంలో ఉంటే మీ మొహాలు నాకు కనిపించవు, నా మొహం మీకు కనిపించదు. నాటకం గురించి మాట్లాడుకునేటప్పుడు మొహాలు కనిపించాలి. రండి, ఇక్కడ చోటుంది. ఆ, అలా సర్దుకోండి.

ఏటా ఈ సమావేశం అయ్యాక తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడుగుతారు. "మావాడికి బిడియం ఎక్కువండీ. నలుగురిలో నోరు విప్పడు. నాటకంలో చేర్పిస్తే ఆ భయం పోతుందంటారా?" అని. పక్కకు పిలిచి అడిగేదాకా ఎందుకు, ఈసారి నేనే అందరి ముందూ జవాబు చెప్పేస్తాను. పోదండీ. భయం పోదు.

నిరుత్సాహపడకండి, పూర్తిగా వినండి. లారెన్స్ ఒలీవియర్ పేరు మీలో కొందరైనా విని ఉంటారు. ఇంగ్లండు రంగస్థలం మీద ఆయనంత పేరు తెచ్చుకున్న నటులు గత శతాబ్దంలో చాలా తక్కువ. 1907లో పుట్టాడు. పదేళ్ల వయసులో బడి నాటకంలోనే మొదటిసారి అందరి కళ్లలో పడ్డాడు. అలాంటి మనిషిని 1960లలో, అంటే యాభై దాటాక, పేరు ప్రతిష్ఠలన్నీ వచ్చేశాక, స్టేజీ భయం పట్టుకుంది. ఒకరోజు రెండురోజులు కాదు, కొన్నేళ్లు పీడించింది. తోటి నటుల్ని తన కళ్లలోకి నేరుగా చూడొద్దని బతిమాలుకున్నాడు. స్టేజీ మీద ఒంటరిగా నిలబడి మాట్లాడాల్సిన ఘట్టాల్లో, ఇంకో పాత్ర వేస్తున్న ఫ్రాంక్ ఫిన్లే అనే నటుణ్ని లోపలికి వెళ్లిపోవద్దని, తనకు కనిపించేలా స్టేజీ పక్కన తెర చాటున, అంటే వింగ్‌లో నిలబడమని అడిగాడు. ఫిన్లే నిలబడ్డాడు. ఒలీవియర్ ఆడాడు. ఆ ఫిన్లే సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా అలాంటి మనిషి గురించే.

అంత పెద్ద నటుడికే పోనిది మన ఎనిమిదో తరగతి పిల్లకు మూడు నెలల రిహార్సల్‌తో పోతుందని నేను ఎలా మాటివ్వను?

ఎంట్రీకి ముందు వింగ్‌లో నిలబడ్డ పిల్లల్ని దగ్గరగా చూడండి ఎప్పుడైనా. అరచేతులు చల్లబడి ఉంటాయి. నాలుక పిడచగట్టుకుపోయి ఉంటుంది. ఇప్పుడే వెళ్లొచ్చినవాడు మళ్లీ బాత్రూమ్‌కు వెళ్లాలంటాడు. గుండె దడదడలాడుతుంది. ఒంట్లో ఎడ్రినలిన్ అనే హార్మోను ఎక్కువైతే ఎవరికైనా జరిగేది ఇదే. పరుగు పందెంలో గీత దగ్గర నిలబడ్డవాడికీ ఇవే లక్షణాలు. వాడు దాన్ని హుషారు అనుకుంటాడు, మనవాడు భయం అనుకుంటాడు, అంతే తేడా. నాటకం ఆ దడను ఆపదు. ఆ దడతోనే స్టేజీ మీదకు నడవడం, ఆ దడతోనే మొదటి డైలాగ్ చెప్పడం అలవాటు చేస్తుంది. రెండు మూడు డైలాగులు గడిచేసరికి ఏదో జరుగుతుంది. అప్పటిదాకా "నేనెలా ఉన్నాను, నా గొంతు వణుకుతోందా, నన్ను చూసి నవ్వుతున్నారా" అని తన చుట్టూ తిరిగిన మనసు ఎదుటి పాత్ర మీదకు వెళ్తుంది. వాడేమన్నాడు? ఎందుకన్నాడు? ఇప్పుడు నేనేం చెయ్యాలి? మనసు అక్కడికి వెళ్లగానే దడ సంగతి మరుగున పడుతుంది.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. బడిలో నాటకం ఆడిన పిల్లల్లో వచ్చే ఎదుగుదల అంతా, నా అనుభవంలో, ఇక్కడి నుంచే మొదలవుతుంది. తన మీదున్న చూపు పక్కవాడి మీదకు మళ్లడం నుంచి. ధైర్యం, మాటకారితనం, మంచి ఉచ్చారణ, ఇవన్నీ దాని వెనకాల నడిచొస్తాయి.

మొదటి రోజు సంగతి చెబుతాను. స్క్రిప్టులు చేతికిచ్చిన రోజు పిల్లలేం చేస్తారో తెలుసా? మీలో పాతవాళ్లు నవ్వుతున్నారు, మీకు తెలుసు. గబగబా పేజీలు తిప్పేస్తారు. కథేమిటో చూడరు. తన పాత్ర పేరు ఎక్కడెక్కడుందో వెతుక్కుంటారు. పసుపురంగు పెన్ను తీసి తన డైలాగులన్నిటి మీదా గీస్తారు. గీయడం అయ్యాక లెక్కపెడతారు. "నీకెన్ని? నాకు పద్దెనిమిది." తక్కువ వచ్చినవాడి మొహం వాడిపోతుంది. ఇక రీడింగ్ రిహార్సల్ మొదలవుతుంది. అందరం గుండ్రంగా కూర్చుని చదువుతాం. తన వంతు వచ్చేదాకా ప్రతివాడూ పెదాలు కదుపుతూ తన తర్వాతి డైలాగ్ లోలోపల వల్లె వేసుకుంటూ ఉంటాడు. ఎదుటివాడు చదివేది ఒక్క ముక్కా చెవిన పడదు. వాడెప్పుడు ఆపుతాడా, నేనెప్పుడు అందుకోవాలా అన్నదే చూస్తాడు.

పెద్దవాళ్లం మనం మాత్రం? మీటింగుల్లో, ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు, మనం చేసేది ఇదే కదా? ఎదుటివాళ్లు చెప్పేది వినం. మన వంతు కోసం కాచుకుని ఉంటాం.

అందుకే తర్వాతి రిహార్సల్‌కు పిల్లలకు ఒక పని పెడతాను. "పసుపు గీత గీసిన డైలాగుల్ని వదిలెయ్యండి. ఒక్కోదాని పైనున్న లైను, అంటే నీకు క్యూ ఇచ్చే ఎదుటివాడి చివరి లైను, అవన్నీ కంఠస్థం చేసుకుని రండి" అంటాను. వింతగా చూస్తారు. నా డైలాగులు నేను నేర్చుకోవాలి గానీ వాడివి నాకెందుకు అంటారు. చేసుకొచ్చాక చూడాలి ఆ రిహార్సల్! ఎదుటివాడి లైను తలలో ఉంది కాబట్టి, వాడు దాన్ని ఇవాళ ఎలా అన్నాడో చెవికి తెలుస్తుంది. నిన్న విసుగ్గా అన్నాడు, ఇవాళ బాధగా అన్నాడు. అలా తెలిసిన క్షణాన జవాబు దానంతటదే మారిపోతుంది. నిన్నటిలా అరిచి చెప్పాలన్నా నోరు రాదు. ఆ పిల్లలకు నేను నటన ఏమీ నేర్పలేదు, వినమన్నాను. అంతే.

వయోలా స్పోలిన్ అని ఒకావిడ ఉండేది, 1906లో పుట్టింది. అమెరికాలో, షికాగోలో, వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో పనిచేసింది. రకరకాల భాషలు, రకరకాల అలవాట్లు ఉన్న పిల్లలు. వాళ్లకు ఉపన్యాసాలిస్తే ఏం లాభం? ఆటలు కనిపెట్టింది. ఆటలో దిగితే పిల్లలు నటిస్తున్నామన్న సంగతే మరిచిపోతారు. ఆ ఆటలన్నీ చేర్చి 1963లో పుస్తకంగా వేసింది. ఇవాళ ప్రపంచంలో ఏ బడి నాటక బృందంలోకి తొంగిచూసినా వాటి జాడ కనిపిస్తుంది. మనం ఆడే అద్దం ఆట కూడా ఆ కోవలోదే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు నెమ్మదిగా చెయ్యి ఎత్తితే ఇంకొకరు అద్దంలో బొమ్మలా ఎత్తాలి. మొదట్లో ముందున్నవాడు కావాలని గభాలున కదులుతాడు, ఎదుటివాణ్ని ఓడించాలని. ఎదుటివాడు తప్పుచేస్తే పకపకా నవ్వుతాడు. కాసేపటికి అర్థమవుతుంది, ఇద్దరూ కలిస్తేనే ఆట కుదురుతుందని. అప్పుడు వేగం తగ్గిస్తాడు. ఎదుటివాడు అందుకోగలిగేలా కదులుతాడు. కొంతసేపయ్యాక ఎవరు నడిపిస్తున్నారో, ఎవరు అనుసరిస్తున్నారో చూసేవాళ్లకే కాదు, వాళ్లిద్దరికీ తెలియదు. తరగతిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోని పిల్లల్ని నేను ఏరి కోరి జతగా నిలబెడతాను ఈ ఆటలో. ఆట అయ్యాక స్నేహితులైపోయారని చెప్పను. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు కదా, అది చాలు ఆ రోజుకు.

ఇదంతా ఎందుకు పనికొస్తుందో ఒక్క సంఘటన చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఒక నాటికలో తండ్రికి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం మీదే కథంతా నడుస్తుంది. పోస్ట్‌మ్యాన్ వేషం వేసిన అబ్బాయికి ఉన్నది ఒకే ఒక్క డైలాగ్: "ఉత్తరమండీ." ప్రదర్శన రోజున వాడు హుషారుగా వచ్చి "ఉత్తరమండీ" అన్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. ఉత్తరం లేదు. నాటకంలో వాడే వస్తువులు పెట్టే ప్రాపర్టీస్ బల్ల మీదే ఉండిపోయింది. తండ్రి వేషం వేసినవాడు చెయ్యి చాచి నిలబడ్డాడు. వాడు సంచిలో వెతుకుతూనే ఉన్నాడు. స్టేజీ మీద నాలుగు సెకన్ల మౌనం ఎంత పొడుగో మీకు తెలుసా? ప్రాంప్టింగ్ చేస్తున్న, అంటే ఎవరైనా డైలాగ్ మరిచిపోతే తెర చాటు నుంచి అందించే అమ్మాయి కూడా ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే మరిచిపోయింది డైలాగ్ కాదు కదా.

ఆ సీన్‌లో మూలన నానమ్మ కూర్చుని ఉంటుంది. ఆ పాత్రకు ఆ సీన్‌లో ఒక్క మాటా లేదు. ఊరికే కూర్చోవాలి. ఆ వేషం వేసిన అమ్మాయి తల ఎత్తి, నానమ్మ గొంతుతోనే, "మళ్లీ వచ్చావేం బాబూ? పొద్దున ఇచ్చిన ఉత్తరం ఆ పుస్తకంలోనే దాచాను. తీసి చూడరా నాన్నా" అంది. బల్ల మీద ఏదో పుస్తకం ఉంది. తండ్రి దాన్ని తెరిచాడు, లోపల చేతికందిన కాయితం లాగాడు, ఉత్తరం కంఠతా వచ్చు కాబట్టి చదవడం మొదలుపెట్టబోయాడు. అప్పటికి ఆ పోస్ట్‌మ్యాన్ అబ్బాయి కోలుకున్నాడు. "అదేనమ్మా, సంతకం తీసుకోవడం మరిచిపోయి వచ్చాను" అన్నాడు. తండ్రి సంతకం పెట్టి పంపించాడు. ప్రేక్షకుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ముగ్గురు పిల్లలు. ఒకడి పొరపాటును ఇంకొకరు అందుకున్నారు, ఆమె ఇచ్చినదాన్ని మూడోవాడు కాదనకుండా తీసుకున్నాడు, మొదటివాడు దానికి ఇంకో ముక్క చేర్చాడు. అప్పటికప్పుడు అల్లే నాటకాల్లో మూలసూత్రం ఇదే. ఎదుటివాడు ఏమిచ్చినా ముందు తీసుకో, తర్వాత దాని మీద నీదొకటి పెట్టు. "పొద్దున ఉత్తరం ఎక్కడిచ్చాడే?" అని తండ్రి అని ఉంటే అక్కడితో పోయేది. మరి నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, ఆ మాట అన్నది ఆ సీన్‌లో ఏమీ పని లేని అమ్మాయి. పని లేదు కాబట్టి, రిహార్సల్స్ అన్ని రోజులూ ఆ మూలన కూర్చుని అందరి డైలాగులూ విన్నది. ఎవరికి ఎక్కడ ఏం కావాలో ఆ అమ్మాయికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెర దించాక ఆ పోస్ట్‌మ్యాన్ అబ్బాయిని ఎవరూ ఒక్క మాట అనలేదు. వాడే వెళ్లి ఆ అమ్మాయి దగ్గర నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక ఆమె విగ్గు పిన్నులు తీయడానికి సాయం చేశాడు.

పాత్రలు పంచే రోజు

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. పాత్రలు పంచే రోజు గురించి తల్లిదండ్రులతో మాట్లాడాలి. అడిగిన పాత్ర అందరికీ రాదు. కొందరు ఆ రాత్రి ఏడుస్తారు. ఏడవనివ్వండి. దయచేసి మర్నాడు నాకు ఫోన్ చేసి "పెద్ద పాత్ర ఇవ్వకూడదా" అని అడగకండి. నాకు ఇబ్బంది అని చెప్పడం లేదు. మీరు అడిగి ఇప్పించిన పాత్రలో ఆ పిల్లకు ఏమీ మిగలదు. కావాలనుకున్నది దక్కలేదు, దక్కినవాళ్లు రోజూ కళ్లెదుటే ఉంటారు, వాళ్లతోనే కలిసి పనిచెయ్యాలి, వాళ్లు బాగా చెయ్యాలని కోరుకోవాలి. చదువులో ఈ పరిస్థితి రాదు. పరీక్షలో నీ మార్కులు నీవి, నా మార్కులు నావి. నాటకంలో నాయకుడి వేషం వేసినవాడు ఓడిపోతే నాటకమే ఓడిపోతుంది, అందులో నువ్వూ ఉన్నావు. పన్నెండేళ్ల వయసులో ఈ సంగతి ఒంటికి పట్టిన మనిషి పెద్దయ్యాక ఎలాంటి చోట పనిచేసినా తేడా తెలుస్తుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక అసలు వేషమే వద్దనే పిల్లలు. వాళ్లూ మాకు కావాలి, ఎంతో కావాలి. మన పూర్వుల మాటే చూడండి. నాట్యశాస్త్రంలో అభినయాన్ని నాలుగు రకాలుగా చెప్పారు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఒంటితో చేసేది, మాటతో చేసేది, వేషంతో అలంకరణతో చేసేది, మనసులోంచి వచ్చేది. వేషం కట్టడాన్ని కూడా అభినయంలోనే లెక్కవేశారు చూశారా? దుస్తులు కుట్టే అమ్మాయి, మేకప్ చేసేవాడు, లైట్ల దగ్గర కూర్చునేవాడు, ప్రాంప్టింగ్ చేసేవాళ్లు, వీళ్లంతా అభినయంలో పాలుపంచుకునేవాళ్లే. నన్నడిగితే అన్నిటికంటే కష్టమైన పని ప్రాంప్టింగ్. ఒకడు డైలాగ్ మధ్యలో ఆగాడు. మరిచిపోయాడా, లేక పాత్ర ఆలోచిస్తోందా? తొందరపడి అందిస్తే సీన్ చెడుతుంది, ఆలస్యం చేస్తే వాడు మునిగిపోతాడు. ఆ తేడా తెలియాలంటే ఆ మనిషి ఊపిరి తీసే తీరు తెలిసి ఉండాలి. లైట్ల దగ్గర ఉన్నవాడూ అంతే, నటుడు మాట ముగించి తల తిప్పేదాకా ఆగి మీట నొక్కాలి. ఇంతకు ముందు ఫిన్లే పేరు చెప్పాను. చీకట్లో నిలబడి, ఎదుటివాడు పడిపోకుండా కనిపెట్టుకుని ఉండే పని అది. మాటలు తక్కువగా ఉండే పిల్లలు ఈ పనిలో ఎంత రాణిస్తారో!

ఇంకో మనిషిగా మారడం

ఇప్పుడు పాత్ర గురించి. రష్యాలో కాన్‌స్టాంటిన్ స్టానిస్లావ్‌స్కీ అని గొప్ప దర్శకుడు ఉండేవాడు. 1898లో నెమిరోవిచ్ దాన్‌చెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్‌ను స్థాపించాడు. ఆయన నటులకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చాడు. "ఈ పరిస్థితిలో నేనే ఉంటే ఏం చేస్తాను?" అని. నువ్వు రాజువని నమ్మమని ఆయన అడగడు. నువ్వే ఆ రాజు స్థానంలో, ఆ బాధల మధ్య, ఆ శత్రువుల మధ్య ఉంటే ఏం చేస్తావు అని అడుగుతాడు. వినడానికి ఎంత తేలిక! చెయ్యడం మొదలుపెడితే లోతు తెలుస్తుంది.

పిల్లలకు చెడ్డవాడి వేషం ఇచ్చినప్పుడు గమనిస్తాను. మొదట కనుబొమ్మలు ముడిచి, పళ్లు కొరికి, గొంతు బొంగురు చేసి వస్తారు. అప్పుడు అడుగుతాను: "అతను తనను తాను చెడ్డవాడని అనుకుంటున్నాడా?" కాసేపు ఆలోచించి, "లేదు" అంటారు. "మరి ఏమనుకుంటున్నాడు?" ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. అతని వైపు నుంచి ఒక పేజీ రాసుకుని రమ్మంటాను. చిన్నప్పుడు ఏం జరిగింది, ఎవరంటే భయం, రాత్రి పడుకునే ముందు ఏం గుర్తొస్తుంది. ఒక అబ్బాయి, తోటిపిల్లల్ని ఏడిపించే కుర్రాడి పాత్ర వేస్తూ, ఆ పేజీలో ఇలా రాశాడు: "నేను నవ్వించకపోతే నన్ను ఎవరూ చూడరు." పదమూడేళ్ల పిల్లవాడు రాసిన మాట అది. ఆ తర్వాత వాడి నటనలో పళ్లు కొరకడం పోయింది. ఆ పాత్రను చూస్తే కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఒక్కటి స్పష్టంగా చెప్పాలి. అర్థం చేసుకోవడం అంటే ఒప్పుకోవడం కాదని కూడా పిల్లలకు అక్కడే చెబుతాం, గట్టిగానే చెబుతాం. ఏడిపించడం తప్పే. ఎందుకు ఏడిపిస్తున్నాడో తెలియడం వేరు.

ఇది నా ఒక్కడి నమ్మకం అనుకోకండి, పరిశోధనలూ ఉన్నాయి. థాలియా గోల్డ్‌స్టీన్, ఎలెన్ విన్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది పాటు నటనలో శిక్షణ పొందిన పిల్లల్ని, వేరే కళల్లో శిక్షణ పొందిన పిల్లలతో పోల్చి చూశారు. నటన నేర్చుకున్నవాళ్లలో ఎదుటివాళ్ల బాధను పంచుకునే గుణం ఎక్కువగా పెరిగింది. అంతకుముందు 2004లో గ్లెన్ షెలెన్‌బర్గ్ ఇంకో ప్రయోగం చేశాడు. 144 మంది ఆరేళ్ల పిల్లల్ని తీసుకుని కొందరికి పియానో లాంటి కీబోర్డు, కొందరికి పాట, కొందరికి నాటకం నేర్పించి, కొందరికి ఏమీ నేర్పించకుండా ఉంచాడు. తెలివితేటల పరీక్షలో సంగీతం నేర్చుకున్నవాళ్లకు మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ మెరుగుదల కనిపించింది. నాటకం పిల్లలకు అందులో అలాంటి లాభం రాలేదు. ఈ మాట నేను దాచను. వాళ్లలో మెరుగైంది నలుగురితో మెలిగే తీరు. సంగీతం పిల్లల్లో ఆ మార్పు లేదు. కాబట్టి "నాటకం వేస్తే మార్కులు పెరుగుతాయా" అని అడిగితే నేను ఔనని చెప్పను. మీ పిల్లలు నలుగురితో ఎలా ఉంటారన్నది మీకు ముఖ్యమైతే రండి.

కానీ చదువుకు పనికొచ్చే సంగతి ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. ఇన్ని పేజీల డైలాగులు ఎలా గుర్తుంటాయి అని అందరూ అడుగుతారు. హెల్గా నోయిస్, టోనీ నోయిస్ అనే దంపతులు నటుల జ్ఞాపకశక్తి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అనుభవమున్న నటులు డైలాగుల్ని బట్టీ పట్టరని వాళ్లు గమనించారు. ఈ పాత్ర ఈ మాట ఎందుకంటోంది, దీంతో ఏం సాధించాలనుకుంటోంది అని ఒక్కో లైనునూ తవ్వుకుంటూ పోతారు. దాంతో మాటలు వాటంతటవే నిలిచిపోతాయి. కదలికతో కలిపి నేర్చుకున్న లైను ఇంకా బాగా గుర్తుంటుంది. మన పిల్లల్లోనూ ఇది రోజూ చూస్తాం. కూర్చుని వల్లె వేస్తే రాని డైలాగ్, బ్లాకింగ్ అయ్యాక, అంటే స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో ఖాయం చేసుకున్నాక, తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా నాలుగడుగులు వేస్తే వచ్చేస్తుంది. చరిత్ర పాఠాన్ని కూడా అలా ఎందుకు చదవకూడదు? ఆ రాజు ఆ ఒప్పందం మీద ఎందుకు సంతకం పెట్టాడు, ఏం కావాలనుకున్నాడు, ఏమంటే భయపడ్డాడు? ఉపాధ్యాయులు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

అయితే ఒక హెచ్చరిక. నాటక బృందం అని పేరుంటే చాలు, పిల్లలు ఎదిగిపోతారు అనుకోకండి. వార్షికోత్సవానికి రెండు వారాల ముందు హడావిడిగా పిల్లల్ని పోగుచేసి, "నేను అన్నట్టే అను, ఇక్కడ చెయ్యి ఎత్తు, అక్కడ ఏడు" అని మాట మాటా దర్శకుడే పలికి పలికించే పద్ధతి ఉంది. అందులో పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదు. చిలక పలుకులు నేర్చుకుంటాడు, టెన్షన్ పడతాడు, బహుమతి రాకపోతే తిట్లు తింటాడు. ఏటేటా పెద్ద పాత్ర ఆ ఇద్దరు ముగ్గురికే ఇవ్వడం, మిగతావాళ్లను చెట్లుగా గుంపులుగా నిలబెట్టడం, ఇది కూడా నాకు నచ్చదు. తోటిపిల్లలు నవ్వితే ఊరుకునే బృందంలోకి బిడియస్తుణ్ని పంపితే వాడు ఉన్న ధైర్యమూ పోగొట్టుకుంటాడు. ఉపాధ్యాయులారా, ఈ భారం మనదే. తప్పు చేసే చోటు భద్రంగా ఉండాలి. రిహార్సల్ గదిలో ఒకడు తప్పు చేసినప్పుడు మిగతావాళ్లు ఎలా ఉంటారన్నది మొదటి వారంలోనే తేలిపోతుంది, దాన్ని మొదటి వారంలోనే సరిచెయ్యాలి.

ప్రదర్శన అయిపోయిన మర్నాటి గురించి కూడా తల్లిదండ్రులకు చెప్పి ఉంచాలి. పిల్లలు దిగాలుగా ఉంటారు. ఎందుకో వాళ్లకే తెలియదు. ఇన్నాళ్లూ సాయంత్రం ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు, హఠాత్తుగా ఆ సాయంత్రం ఖాళీ అయిపోయింది. ఏమైంది ఏమైంది అని వెంటపడకండి. కావాలంటే నాటకంలో వాళ్లకు నచ్చిన సీన్ ఏదో చెప్పమనండి. చాలామంది తమ సీన్ చెప్పరు, పక్కవాడి సీన్ చెబుతారు. మీరే చూస్తారుగా.

సరే, ఇక పని మాటలు. సోమవారం నుంచి మొదలు. చేరదలచినవాళ్లు ముందుగా ఏమీ తయారై రానక్కర్లేదు. డైలాగులు కంఠస్థం చెయ్యక్కర్లేదు, పాట పాడక్కర్లేదు. కింద కూర్చోవడానికి, పరుగెత్తడానికి వీలైన దుస్తులు వేసుకుని రండి, ఒక నోట్‌బుక్కు, పెన్సిలు తెచ్చుకోండి. మొదటి రెండు వారాలు పాత్రలు పంచం, స్క్రిప్టులు ఇవ్వం. మొదటి రోజు ఆట ఏమిటో కూడా చెప్పేస్తాను. అందరూ గదిలో ఇష్టం వచ్చినట్టు నడుస్తారు. ఎవరో ఒకరు ఆగుతారు, ఎవరనేది ముందుగా అనుకోం. ఆ ఒక్కరు ఆగగానే అందరూ ఆగాలి. మళ్లీ ఒకరు కదిలితే అందరూ కదలాలి. మాట్లాడకూడదు, సైగలు చెయ్యకూడదు. బిడియం ఉన్న పిల్లలకు ఇందులో ఒక్క మాటా మాట్లాడే పని లేదు, కాబట్టి నిశ్చింతగా పంపించండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు మీరు అడగండి. ఆ చివర చెయ్యెత్తినావిడ, చెప్పండమ్మా.